మూడుసార్లు పిలిచిన పేరు

1917 సెప్టెంబర్ 6. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్‌కి ఎదురుగా, మెర్సీ నదికి అవతలి ఒడ్డున, బర్కెన్‌హెడ్ అనే ఊళ్ళో వెల్ష్ వాళ్ళ సాహిత్య సంబరం జరుగుతోంది. దాన్ని ఐస్తెద్‌వోద్ అంటారు. కవిసమ్మేళనాన్నీ సంగీత కచేరీనీ తిరునాళ్ళనీ ఒకే పందిరి కింద పెడితే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటుంది. అక్కడ ఛందోబద్ధమైన దీర్ఘకవితకి ఇచ్చే అతి పెద్ద బహుమతి ఒక కుర్చీ. ఏదో బిరుదు కాదు, నిజంగానే చెక్కతో చేసిన కుర్చీ. పోటీకి పంపేవాళ్ళు సొంత పేరు రాయకూడదు, మారుపేరు పెట్టుకోవాలి. ఫలితం ప్రకటించే రోజున వేదిక మీద నుంచి గెలిచిన మారుపేరు పిలుస్తారు. జనం మధ్యలో ఎక్కడో కూర్చున్న కవి లేచి నిలబడాలి. అప్పుడు బాకాలూ, చప్పట్లూ.

ఆ రోజు పిలిచిన పేరు ‘ఫ్లర్-ద-లీ’. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. ఆ కవి బెల్జియంలో యుద్ధంలో చనిపోయి అప్పటికే ఐదు వారాలు దాటింది. ఖాళీ కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు. ఆ యుద్ధాన్ని నడిపిస్తున్న ప్రధానమంత్రి లాయిడ్ జార్జ్, ఆయనా వెల్ష్ వాడే, ఆ సభలోనే ఉన్నాడు.

ఆ కవి పేరు ఎలిస్ హంఫ్రీ ఎవాన్స్. కలంపేరు హెద్ విన్. ‘హెద్’ అంటే శాంతి, ‘విన్’ అంటే తెల్లని, పావనమైన. ఉత్తర వేల్స్ కొండల్లో ట్రౌస్‌వనిద్ అనే పల్లెకి చెందినవాడు. గొర్రెలు కాసేవాడు. చనిపోయేనాటికి ముప్పై ఏళ్ళు.

ఈ కథ మొదటిసారి విన్నప్పుడు అందరికీ ఏమవుతుందో నాకూ అదే అయింది, గొంతు పట్టేసింది. కానీ కొన్నాళ్ళకి ఒక ఇబ్బంది మొదలైంది. కుర్చీ గురించి ఇంత తెలుసు, ఆ కుర్చీ తెచ్చిపెట్టిన కవితలో ఏముందో తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఒక ఊరి కుర్రాడు యుద్ధంలో పోతే, అతన్ని గుర్తుపెట్టుకోవడమంటే ఇదేనా? మనిషిని కాకుండా అతను లేని ఖాళీని గుర్తుపెట్టుకోవడమా? హెద్ విన్ పేరు మీద నూరేళ్ళలో చాలా వచ్చాయి: నల్ల కుర్చీ, కంచు విగ్రహం, స్మృతి పద్యాలు, ఆస్కార్ దాకా వెళ్ళిన సినిమా, సమాధి మీద నాలుగు మాటలు. ఇవన్నీ విడివిడిగా ఏం గుర్తుపెట్టుకున్నాయో, ఏం వదిలేశాయో చూడాలనిపించింది.

ముందు మనిషి గురించి. పదకొండు మంది పిల్లల్లో పెద్దవాడు. పద్నాలుగేళ్ళకి బడి ఆగిపోయింది. ‘అర్ అస్గూర్న్’ అనే పొలంలో తండ్రికి సాయం. మధ్యలో కొన్ని నెలలు దక్షిణ వేల్స్ బొగ్గు గనుల్లో పనిచేసి తిరిగొచ్చేశాడు. చుట్టుపక్కల ఊళ్ళ పోటీలకి పద్యాలు పంపేవాడు. ఇరవై ఏళ్ళకే, 1907లో, బాలా అనే ఊళ్ళో మొదటి కుర్చీ గెలిచాడు. తర్వాత మరికొన్ని. 1916లో జాతీయ పోటీలో రెండో స్థానం దాకా వచ్చాడు. గొర్రెల కాపరిగా మాత్రం అంత పనిమంతుడు కాదని, పుస్తకం చేతిలో ఉంటే మంద ఎటు పోయిందో చూసుకునేవాడు కాదని అక్కడ చెప్పుకుంటారు. 1916లో బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది. ఆ ఇంటి నుంచి ఒక కొడుకు పోవాలి. తమ్ముడు పోకుండా ఉండాలని తను వెళ్ళాడు. స్వచ్ఛందంగా కత్తి దూసిన వీరుడు కాదు. యుద్ధాన్ని ధిక్కరించి జైలుకి పోయినవాడూ కాదు. తమ్ముడికి బదులు వెళ్ళిన అన్న, అంతే. నాకు ఈ ‘అంతే’ చాలా ముఖ్యం అనిపిస్తుంది. యుద్ధంలో పోయిన వాళ్ళలో చాలామంది ఈ రెండు రకాలకీ మధ్యలో ఎక్కడో ఉంటారు. వాళ్ళ మీద కట్టే స్మారకాలు మాత్రం ఏదో ఒక వైపుకి లాగుతాయి.

అతను రాసిన కవిత పేరు ‘అర్ ఆరూర్’, అంటే ‘వీరుడు’. యుద్ధంలో చనిపోయిన సిపాయి ‘వీరుడు’ అనే కావ్యం రాశాడనగానే మనకి మనమే ఒక సినిమా ఊహించేసుకుంటాం. కానీ ఆ శీర్షిక అతను ఎంచుకున్నది కాదు. ఐస్తెద్‌వోద్‌లో కుర్చీ పోటీకి ప్రతి ఏడాదీ నిర్వాహకులే అంశం ఇస్తారు. మన సమస్యాపూరణంలో సమస్య పృచ్ఛకుడు ఇచ్చినట్టు. ఆ ఏడాది ఇచ్చిన మాట ‘వీరుడు’. యుద్ధం మధ్యలో ఆ మాట ఎందుకు ఇచ్చి ఉంటారో ఊహించడం కష్టం కాదు. కవి ఆ మాటని ఏం చేశాడన్నదే ప్రశ్న.

వెల్ష్ నాకు రాదు, ఇంగ్లీషు అనువాదాల్లోనే చదివాను. కాబట్టి దాని శబ్దం గురించి నేను చెప్పేది విన్నదే తప్ప విని ఆనందించింది కాదు. నిర్మాణం మాత్రం మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. వాళ్ళ ఛందస్సులో ‘కంగ్‌హానెద్’ అని ఒక నియమం ఉంది. మనకి యతి అంటే పాదంలో ఒక చోట ఒక అక్షరానికి మైత్రి కుదిరితే చాలు. వాళ్ళకి, దాని ప్రధానమైన రకంలో, పాదం మొదటి సగంలో వచ్చిన హల్లులన్నీ అదే వరసలో రెండో సగంలో మళ్ళీ రావాలి. వందల పాదాలు అలా నడపాలి. పనికిమాలిన గారడీ అని కొట్టిపారేసేవాళ్ళు అక్కడా ఉన్నారు, మనకి పద్యం మీద ఉన్నట్టే.

ఆ గారడీ అతనికి ఎందుకు పనికొచ్చిందో చూడండి. 1917 మొదట్లో సైన్యంలో చేరి లివర్‌పూల్ దగ్గర లిథర్‌లాండ్ శిబిరంలో శిక్షణలో ఉన్నాడు. ఆ వసంతంలో దున్నకాలకి మనుషులు చాలక, వ్యవసాయం తెలిసిన సిపాయిలని కొన్ని వారాలు ఇళ్ళకి పంపారు. ఏడు వారాల సెలవు. నాగలి పట్టడానికని ఇచ్చిన సెలవులో అతను కావ్యం పట్టుకుని కూర్చున్నాడు. గడువు దాటినా తిరిగి వెళ్ళకపోతే సైనిక పోలీసులు వచ్చి తీసుకుపోయారు. ఆ కంగారులో రాతప్రతి ఇంట్లో బల్ల మీదే ఉండిపోయింది. దాన్ని మళ్ళీ జ్ఞాపకం నుంచి రాశాడు. జూలై మధ్యలో ఫ్రాన్స్ నుంచి పోస్టులో పంపించాడు. ఆ నెలాఖరున చనిపోయాడు.

అవధానంలో దీన్ని ధారణ అంటాం. ఛందస్సు అనేది అలంకారం కాదు, మోసుకుపోవడానికి వీలుగా కట్టిన మూట అని దీన్ని చదివినప్పుడు నాకు తట్టింది. హల్లుల వరస తెలిస్తే సగం పాదం రెండో సగాన్ని పట్టుకొస్తుంది. కాగితం పోయినా పోయేది కాదు. వచన కవితే చదువుతూ పెరిగిన నాలాంటి వాళ్ళకి ఛందస్సు మీద ఉన్న చిన్నచూపు ఇక్కడ కొంచెం ఇబ్బందిలో పడుతుంది.

కవితలో ఏముంది? తుపాకులు లేవు. కందకాలు లేవు. దేశం కోసం ప్రాణమిచ్చే వాడు లేడు. ‘తుఫానుల కూతురు’ అనే ఒక స్త్రీ ఉంది, ఆమె వెతుక్కునే వీరుడు ఉన్నాడు. మనుషుల కోసం బాధపడినవాడు, వాళ్ళు అర్థం చేసుకోనివాడు. ప్రొమీథియస్ నీడ ఉంది, క్రీస్తు నీడ ఉంది. షెల్లీ ప్రభావం గట్టిగా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే నాకు అన్ని చోట్లా నచ్చలేదు. ప్రతీకలు ఒకదాని మీద ఒకటి పడి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియని చోట్లున్నాయి. మన భావకవిత్వంలోని మబ్బులూ వెన్నెలలూ ఒక్కోసారి ఎలా ఊపిరాడనివ్వవో అలా ఉంటుంది. కానీ అది చేసిన పని మాత్రం చిన్నది కాదు. 1917లో ‘వీరుడు’ అనే మాట చేతికిస్తే, దాన్ని సైన్యం చేతిలోంచి లాక్కుని, బాధపడేవాడికీ ఎదురు తిరిగేవాడికీ ఇచ్చేశాడు. యుద్ధాన్ని గుర్తుపెట్టుకునే సభలు అతన్ని సిపాయి-వీరుడు అని పొగిడినప్పుడల్లా, అతని కవిత్వమే వాళ్ళకి అడ్డం వస్తుంది. బహుశా అందుకే కుర్చీ అంత ప్రసిద్ధం, కవిత అంత కాదు. కుర్చీ ఏమీ మాట్లాడదు కదా.

ఆ కుర్చీకీ ఒక కథ ఉంది. చేసినవాడు యూజీన్ వాన్‌ఫ్లెటెరెన్. బెల్జియంలోని మెఖెలెన్ నుంచి యుద్ధం తరిమితే బర్కెన్‌హెడ్ వచ్చి తలదాచుకున్న శరణార్థి. బెల్జియం మనిషి ఇంగ్లండ్‌లో కూర్చుని, వేల్స్ కవి కోసం కుర్చీ చెక్కాడు. ఆ కవి ఆ బెల్జియంలోనే పోయాడు. ఈ వడ్రంగి పేరు కథ చెప్పేటప్పుడు చాలాసార్లు జారిపోతుంది. కుర్చీ గుర్తున్నా కవిత మరిచిపోయినట్టే, కుర్చీ గుర్తున్నా చేసిన చెయ్యి మరిచిపోతాం.

ఇక విగ్రహం. 1923 ఆగస్టు 11న ట్రౌస్‌వనిద్‌లో కవి తల్లి మేరీ చేతులతో ఆవిష్కరించారు. శిల్పి ఎల్. ఎస్. మెరిఫీల్డ్. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఊరూరా కంచు సిపాయిలు లేచారు, తుపాకీ కిందికి దించుకుని తల వంచి నిలబడినవాళ్ళు. ఈ ఊరు మాత్రం తన కుర్రాడికి యూనిఫాం తొడగలేదు. కాపరి బట్టల్లో నిలబెట్టింది. సైన్యంలో అతను ఉన్నది ఏడు నెలలు, కొండల్లో ఉన్నది ముప్పై ఏళ్ళు. ఊరు ముప్పై ఏళ్ళనే లెక్కలోకి తీసుకుంది. విడిగా చూస్తే చిన్న నిర్ణయం. కానీ పోయినవాడు ఎవరివాడు అనే తగువులో అదొక తీర్పు.

అయినా ఈ తీర్పుని పూర్తిగా ఒప్పుకోలేను. 1918లో అచ్చయిన అతని కవితా సంపుటికి పెట్టిన పేరు కూడా ‘కాపరి కవితలు’ అనే అర్థం వచ్చేదే. సంపాదకుడు జె. జె. విలియమ్స్, కుర్చీ పోటీ న్యాయనిర్ణేతల్లో ఒకడు. కాపరి అనగానే అమాయకుడు, ప్రకృతి ఒడిలో పాడుకునే పిట్ట అనే బొమ్మ వస్తుంది. షెల్లీని నమిలి మింగిన, పోటీల్లో గెలవాలని పట్టుదలగా ఏళ్ళ తరబడి సాధన చేసిన, గొర్రెల మీద ధ్యాస లేని మనిషికి అది సరిపోయే బొమ్మ కాదు. యూనిఫాం తీసేశారు, మంచిదే. దాని బదులు ఇంకో యూనిఫాం తొడిగారు.

ఆ విగ్రహం దగ్గర నన్ను ఎక్కువ ఆపింది పీఠం మీది పద్యం. అది హెద్ విన్ గురించి ఎవరో రాసింది కాదు. యుద్ధంలో పోయిన తన స్నేహితుడి కోసం హెద్ విన్ రాసిన నాలుగు పాదాల ఎంగ్లిన్. ఆ త్యాగం మరుగునపడదు, ఆ ముఖం మరిచిపోము అని చెప్పే పద్యం. శత్రువు మీద కోపం కూడా అందులో ఉంది. వీరుడి మాటని సైన్యం చేతిలోంచి లాక్కున్న కవే ఇక్కడ అందరిలాగే జర్మనీని తిడతాడు. స్నేహితుడు పోయినప్పుడు మనిషి తత్వం మాట్లాడడు. ఒక ఊరి సిపాయిని తలుచుకుంటూ మరో ఊరి కుర్రాడు రాసింది, కొన్నాళ్ళకి తన పేరు కిందే చెక్కారు. మరి ఆ స్నేహితుడో? పీఠం దగ్గర నిలబడి చదివేవాళ్ళలో ఎక్కువమంది ఆ పద్యం హెద్ విన్ గురించే అనుకోవడం సహజం. ఒక స్మారకం ఇంకో స్మారకాన్ని మింగేయడం అంటే ఇదే.

పద్యాల్లో అందరికీ తెలిసినవి ఆర్. విలియమ్స్ పారీ రాసిన స్మృతి ఎంగ్లిన్‌లు. కొండలూ వెన్నెలా కాపరీ అన్నీ వాటిలో ఉన్నాయి. ఖాళీ కుర్చీకి ఉన్న చేతులు రాని మనిషి కోసం చాచి ఉన్నట్టు ఊహించిన పద్యం వాటిలోదే. అనువాదంలో చదివినా వదలదు. కుర్చీకి కట్టిన గుడ్డలోంచి మనిషికి దారి చేసింది ఆ ఒక్క ఊహ. అదే సమయంలో, కవి బదులు కుర్చీనే మనకి శాశ్వతంగా ఇచ్చిందీ అదే. మంచి ఎలిజీతో ఉన్న చిక్కు ఇది. ఎంత బాగుంటే అంతగా పోయినవాడి గొంతు స్థానంలో తన గొంతు కూర్చుంటుంది.

1992లో పాల్ టర్నర్ తీసిన ‘హెద్ విన్’ సినిమా ఈ చిక్కులోంచి బయటపడాలని చూసింది. స్క్రిప్టు రాసిన అలన్ లుయిద్ స్వయంగా కంగ్‌హానెద్ కవి, హెద్ విన్ జీవితచరిత్ర రాసినవాడు. వెల్ష్ భాషలో తీసిన సినిమా విదేశీ భాషా చిత్రాల విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందడం అదే మొదటిసారి. బ్రిటన్ లోపలే తయారైన సినిమా ‘విదేశీ భాష’ లెక్కలో పోటీకి వెళ్ళిందన్నది గమనించాలి. సినిమా కుర్చీతో మొదలుకాదు, బురదతో మొదలవుతుంది. 1917 జూలై 31, పాషెండేల్ యుద్ధం మొదటి రోజు, పిల్కెమ్ రిడ్జ్. పొట్టలో ఇనప ముక్క దిగిన మనిషి పాక్కుంటూ పోతుంటాడు, ఆ పాకుడు మధ్యలో గతం వస్తుంది. హ్యూ గార్మన్ నటించిన ఎలిస్ సాధుపుంగవుడు కాదు. అమ్మాయిల వెంట తిరుగుతాడు, మాట దాటేస్తాడు, సైన్యం అంటే మొహం చిట్లిస్తాడు. కంచు విగ్రహం దాచేసిన మనిషి ఇక్కడ కొంత దొరుకుతాడు.

లోపం కూడా అక్కడే ఉంది. ప్రేమకథల మీద పెట్టినంత ధ్యాస సినిమా పద్యం తయారవడం మీద పెట్టలేదనిపించింది. ఒక మనిషి గదిలో కూర్చుని హల్లులు లెక్కపెట్టుకోవడాన్ని తెర మీద చూపించడం కష్టమే. కవుల మీద సినిమాలన్నీ ఇక్కడే తడబడతాయి. చివర్లో కుర్చీ ఇంటికి వస్తుంది. అప్పుడు వినిపించేది ‘వీరుడు’ కాదు, ‘యుద్ధం’ అనే అతని చిన్న కవిత. దేవుడు దూరమైన కాలం, చెట్ల కొమ్మలకి వేలాడే మూగ వీణలు, వానలో కలిసిన కుర్రాళ్ళ రక్తం. ఆ ఎంపిక సరైనదే. హెద్ విన్‌ని చదవాలనుకునేవాళ్ళు కూడా దానితోనే మొదలుపెట్టాలి. కుర్చీ గెలవని ఆ పన్నెండు పాదాలు ఆ కావ్యం కన్నా బలంగా నిలబడ్డాయి.

సమాధి బెల్జియంలో, బూజింగె దగ్గర ఆర్టిలరీ వుడ్ శ్మశానంలో ఉంది. అదే రోజు చనిపోయిన ఐరిష్ కవి ఫ్రాన్సిస్ లెడ్విడ్జ్ సమాధి కూడా అక్కడే ఉంది. తెల్లరాళ్ళన్నీ ఒకే కొలత, ఒకే ఆకారం. జనరల్‌కీ సిపాయికీ తేడా ఉండకూడదని యుద్ధ సమాధుల సంస్థ పెట్టుకున్న నియమం. ఎలిస్ రాయి మీద మాత్రం తర్వాత వెల్ష్‌లో ఒక మాట చేర్చారు, ‘మహాకవి హెద్ విన్’ అని. అతని వాళ్ళు అడిగి చేయించుకున్నారు.

ఇక్కడికి వచ్చేసరికి మనవాళ్ళు గుర్తొస్తారు. ఆ శ్మశానానికి కొన్ని మైళ్ళ దూరంలో ఈపర్ పట్టణంలో మెనిన్ గేట్ ఉంది. ఆచూకీ దొరకని వాళ్ళ పేర్లున్న ఆ గోడల మీద భారతీయుల పేర్లూ ఉన్నాయి. యూరప్‌లో పోయినవాళ్ళకి ఆ మాత్రమైనా దక్కింది. ఇరాక్‌లో, ఆఫ్రికాలో అలా జరగలేదు. బాస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలని రెజిమెంటు కింద ఒక అంకెగా వేశారు. 2021లో అదే యుద్ధ సమాధుల సంస్థ తన నివేదికలో ఒప్పుకుంది: ఆఫ్రికా, ఆసియా వాళ్ళలో 45 వేల నుంచి 54 వేల మందిని మిగతావాళ్ళతో సమానంగా స్మరించలేదని, కనీసం 1,16,000 మంది పేర్లు ఎక్కడా చెక్కలేదని. ఎవరి రాయీ ఎవరి రాయి కన్నా ఎక్కువ కాదన్న నియమం కొందరి విషయంలోనే నిజమన్నమాట. మన దేశంలో చాలా ఊళ్ళలో ఆ కాలం నాటి చిన్న పలకలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ ఊరి నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఉంటుంది. రెండు అంకెలు. పేరు ఉండదు. ఆ ఊరి భాష కూడా చాలాసార్లు ఉండదు, ఇంగ్లీషే.

హెద్ విన్ అదృష్టం అతను గొప్ప కవి కావడం ఒక్కటే కాదు. అతని భాషకి ఒక సభ ఉంది. ఆ సభకి పేరు పెట్టి మూడుసార్లు పిలిచే అలవాటు ఉంది. సైన్యం అతన్ని అంకె వేసి తీసుకెళ్ళింది, ఆ సభ అతన్ని పేరుతో వెనక్కి పిలిచింది. కుర్చీ, విగ్రహం, ఎలిజీ, సినిమా, ఒక్కోటీ అతనిలో కొంత దాచేశాయని ఇందాకటి నుంచి సణుగుతున్నాను. కానీ అలా సణగడానికి ముందు ఒక పేరు ఉండాలి కదా. ఆ రాతిపలక మీది అంకెల గురించి నేను ఏమని సణగను? వాళ్ళు కాపరులో, కవులో, తమ్ముడి బదులు వెళ్ళిన అన్నలో ఎవరికి తెలుసు.

కొడుకు పోయాక జనం ఆ ఇంటికి రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళకి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచమని ఆ తల్లి మనవలకి చెప్పిందట. ఆ మాట పట్టుకుని కవి మేనల్లుడు జెరాల్డ్ విలియమ్స్ దశాబ్దాల పాటు ఆ పొలంలోనే ఉండి, ఎవరొచ్చినా లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, కథ చెప్పాడు. 2012లో ఇంటిని స్నోడోనియా జాతీయ ఉద్యానవన సంస్థ తీసుకుంది. 2021లో ఆయన పోయాడు. ఇన్ని స్మారకాల్లోనూ నాకు దాపరికం లేనిది అదొక్కటే అనిపిస్తుంది. వచ్చినవాడు ఏదైనా అడగొచ్చు, ఆయన తెలిసింది చెప్తాడు. మామయ్య ఎలాంటివాడు, గొర్రెలు సరిగ్గా కాసేవాడా, తుఫానుల కూతురు ఎవరు.

మన ఊళ్ళలో ఆ పలకలున్న చోట పక్క ఇళ్ళలో ఒక్కసారి అడిగి చూడాలి. నూరేళ్ళు దాటింది, చెప్పేవాళ్ళు ఉంటారన్న ఆశ తక్కువే. అయినా ఒక పేరు దొరకొచ్చు.